సీలింగులో బల్బు మారుస్తున్నారా? మెయిన్ ఒక్కటే తీస్తే చాలదు!

మఠంపల్లి (మా విలేకరి నుంచి): ఒకప్పుడు మన పల్లెల్లో ఇంటి దీపమంటే దూలానికి వేలాడే బల్బు, లేకుంటే గోడకు బిగించిన ట్యూబులైటు. బల్బు పోతే ఇంట్లో ఎవరో ఒకరు బల్ల ఎక్కి పాతది తిప్పి తీసి, కొత్తది పెట్టేవారు. దానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన అవసరం ఉండేది కాదు. ఇప్పుడు కాలం మారింది. శ్లాబు ఇళ్లకు హాల్లో పి.ఓ.పి. సీలింగు వేయిస్తున్నారు. రేకుల ఇళ్లవారు ఎండ వేడి తగ్గుతుందని థర్మోకోల్ పలకలో, ప్లాస్టిక్ పలకలో కొట్టిస్తున్నారు. ఆ సీలింగుకు గుండ్రంగా కన్నాలు కోసి, వాటిలో దీపాలు పొదుగుతున్నారు. చూడడానికి ముచ్చటగానే ఉంటాయి.

అయితే ఆ కన్నంలోని దీపాన్ని మార్చడం వెనకటి బల్బు మార్చినంత తేలిక కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఏ హోల్డరుకు ఏ బల్బు పెట్టాలి, కరెంటు ఎక్కడ ఆపాలి, పైన చీకట్లో ఏముంది అన్నది చూసుకోకుండా చెయ్యి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరి ఇంట్లోనో జరిగిందని చెప్పడం కాదు, ఈ విలేకరి ఇంట్లోనే జరిగింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది

మా హాల్లో సీలింగుకు ఆరు దీపాలున్నాయి. చిన్న గాజు గిన్నెల్లాంటి హాలోజన్ బల్బులు, ఒక్కొక్కటి 50 వాట్లు. వాటిలో ఒకటి ఆరిపోయింది. మా తమ్ముడు బజారుకు వెళ్లి ఎల్.ఇ.డి. బల్బు ఒకటి తెచ్చాడు. జాగ్రత్తగానే మెయిన్ స్విచ్ తీశాడు. ఇనుప స్టూలు వేసుకుని ఎక్కి, పాత బల్బును కిందికి లాగి, వైరు పట్టుకున్నాడు. అంతే, కేక వేసి కింద పడ్డాడు. మణికట్టు వాచింది. అదృష్టం బాగుండి అంతటితో పోయింది.

మెయిన్ తీసినా కరెంటు ఎక్కడిదని అందరం ఆశ్చర్యపోయాం. తల ఎత్తి చూస్తే హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది! అంతసేపూ అది తిరుగుతున్నా మాలో ఒక్కరం కూడా గమనించలేదు. మెయిన్ తీయగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ అందుకుంది. సీలింగు దీపాలు, ఫ్యాను రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉన్నాయి.

సాయంత్రం వచ్చిన పెద్దాయన మన వైపు ముప్పయ్యేళ్లుగా వైరింగు పని చేస్తున్నవాడు. సంగతి విని, "బ్యాటరీ 12 వోల్టులదే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు తమ్ముడూ. ఇన్వర్టర్ దాటి వైర్లలోకి వచ్చేది 230 వోల్టులే. స్తంభం మీది కరెంటుకూ దానికీ తేడా లేదు" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఇన్వర్టర్ ఒక్కటే ఆపినా చాలదు. బయటి కరెంటు ఉన్నంతసేపూ చాలా ఇన్వర్టర్లు దాన్ని తమ గుండా ఇంట్లోకి పంపుతూనే ఉంటాయి. కాబట్టి మెయిన్ తీయాలి, ఇన్వర్టర్ కూడా ఆపాలి. రెండూ చేశాక టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పని చేస్తున్నదో లేదో కరెంటు ఆపక ముందే ఒక ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. పాడైన టెస్టరు వెలగనంత మాత్రాన వైరులో కరెంటు లేదని అనుకోరాదు. కన్నంలోని వైర్లు రెండింటినీ పరీక్షించాకే చెయ్యి వెయ్యాలి.

స్విచ్చి తీసినా మిణుకుమంటోందా?

కొందరి ఇళ్లలో ఎల్.ఇ.డి. బల్బు స్విచ్చి తీశాక కూడా రాత్రిపూట సన్నగా మిణుకుమంటూ ఉంటుంది. బల్బు నాసిరకమని దుకాణదారుతో గొడవకు దిగేవారున్నారు. బల్బు తప్పు కాకపోవచ్చు. స్విచ్చికి చిన్న ఎర్ర ఇండికేటరు దీపం ఉంటే దాని గుండా కొద్దిపాటి కరెంటు పారి అలా కావచ్చు. అది లేకుండానే మిణుకుమంటే మాత్రం వైరింగును ఒకసారి చూపించుకోవాలి. స్విచ్చి ఫేజు వైరు మీద ఉండాల్సింది పోయి న్యూట్రల్ మీద ఉన్నా ఇలాగే అవుతుంది. అలాంటి ఇంట్లో స్విచ్చి తీస్తే దీపం ఆరుతుందే గాని, హోల్డరులో ఫేజు అలాగే నిలిచి ఉంటుంది. పాత బల్బులకు ఈ లోపం బయటపడేది కాదు. ఎల్.ఇ.డి. వచ్చి బయటపెడుతోంది.

పైన గూడు కట్టిన ఎలుకలు

ఆ పెద్దాయన మిగిలిన ఐదు దీపాలనూ దింపి చూశాడు. రెండింటి చుట్టూ కొయ్య చట్రం గోధుమరంగుకు మాడి ఉంది. ఒక కన్నం పక్కనే ఎలుకలు గడ్డి, గుడ్డపేలికలు తెచ్చి గూడు కట్టుకున్నాయి. వైరు మీది తొడుగును రెండు చోట్ల కొరికాయి. కింద కూర్చుని టీవీ చూసే మాకు ఇన్నేళ్లుగా ఇదేమీ తెలియదు.

హాలోజన్ బల్బు గురించి తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. దానిలో కాలే కరెంటులో చాలా భాగం వెలుగు కాదు, వేడి. వెలిగే గాజు వేడి 200 డిగ్రీలు దాటుతుంది. పైగా దాని గిన్నెకు వేసే పూత వెలుగును కిందికి పంపి, వేడిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి వదులుతుంది. దుకాణాల అద్దాల్లో పెట్టిన సరుకు వేడెక్కకుండా అది మంచిదే. సీలింగులో పెడితే మాత్రం ఆ వేడంతా గాలి ఆడని పై జాగాలోకి పోతుంది. అక్కడ గడ్డి ఉందా, కొయ్య ఉందా, థర్మోకోల్ ఉందా అన్నదాని మీదే ఇంటి క్షేమం ఆధారపడి ఉంటుంది.

దీపం వేడి ఎంత పని చేస్తుందో లోకానికి తెలియంది కాదు. 1992 నవంబరు 20న ఇంగ్లండులో రాణిగారి విండ్సర్ కోటలో ఒక స్పాట్‌లైటుకు తెర ఆనుకుని నిప్పంటుకుంది. మంటలు ఆర్పడానికి 15 గంటలు పట్టింది. 115 గదులు దెబ్బతిన్నాయి. రాజుల కోటకే దిక్కులేనప్పుడు మన థర్మోకోల్ పలక ఎంత?

ఆస్ట్రేలియాలో జరిగింది మన సంగతికి మరీ దగ్గర. అక్కడి ప్రభుత్వం 2009లో ఇళ్ల సీలింగుల పైన వేడిని ఆపే పరుపు వేయించే పథకం పెట్టింది. హడావుడిగా, శిక్షణ లేని కుర్రవాళ్లతో పని జరిగింది. పొదిగిన హాలోజన్ దీపాల మీద కూడా ఆ పరుపు కప్పేయడంతో పలు ఇళ్లలో మంటలు లేచాయి. సీలింగుల పైకి ఎక్కిన కూలీల్లో ముగ్గురు కరెంటు షాకుతో, ఒకరు ఆ వేడికి తట్టుకోలేక చనిపోయారు. 2010 ఫిబ్రవరిలో పథకాన్ని ఆపేశారు. 2014లో రాయల్ కమిషన్ విచారణ కూడా జరిగింది. మంట, షాకు, వేడి మూడూ సీలింగు మీది జాగాలోనే పొంచి ఉన్నాయని ఈ ఉదంతం చెబుతోంది.

మన ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకు కింద, సీలింగు పైన ఉండే జాగా అంతకన్నా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ పలక సుమారు 80 డిగ్రీలకు, థర్మోకోల్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. థర్మోకోల్ అంటుకుంటే కరిగి బొట్లు బొట్లుగా మండుతూ కింద పడుతుంది. ఇలాంటి సీలింగులో హాలోజన్ గాని, పాతకాలపు తీగ బల్బు గాని అసలు పెట్టరాదు.

ఏది తీసి ఏది పెట్టాలి?

సీలింగు కన్నాల్లో మామూలుగా నాలుగు రకాల దీపాలు కనిపిస్తాయి. ఏ రకమో తెలుసుకోకుండా కొత్త బల్బు కొనరాదు. పాత బల్బును వెంట తీసుకుని దుకాణానికి వెళ్లడం అన్నిటికన్నా మంచిది.

మొదటిది, రేకు డబ్బాలో మామూలు పిన్ను హోల్డరు ఉండేది. ఇందులో తీగ బల్బు గాని, సి.ఎఫ్.ఎల్. గాని ఉంటుంది. దీన్ని తీసి ఎల్.ఇ.డి. బల్బు పెట్టుకోవడం తేలిక. 60 వాట్ల తీగ బల్బు వెలుగుకు 9 వాట్ల ఎల్.ఇ.డి. సరిపోతుంది. అయితే డబ్బాకు కింద గాజు మూత ఉంటే జాగ్రత్త. ఎల్.ఇ.డి.కి వేడి తక్కువే గాని, అసలు లేకపోలేదు. ఆ వేడి బల్బు మొదట్లో, దాని లోపలి సర్క్యూటు ఉన్న చోటే పుడుతుంది. గాలి ఆడకపోతే ఆ సర్క్యూటులోని కెపాసిటరు ఎండిపోతుంది. దాని చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఏళ్ల తరబడి రావలసిన బల్బు నెలల్లో పోతోందంటే కారణం తరచుగా ఇదే. మూసిన డబ్బాలో పెట్టరాదని పెట్టె మీద ఉంటే ఆ మాట వినాలి. వెలుగు ఎక్కువ కావాలని 20, 30 వాట్ల ఎల్.ఇ.డి.ని చిన్న డబ్బాలో ఇరికించరాదు.

రెండోది, 230 వోల్టుల మీద నేరుగా నడిచే గిన్నె బల్బు. దీని అడుగున రెండు పొట్టి లావు కాళ్లుంటాయి. పెట్టి, కొంచెం తిప్పితే పడుతుంది. అదే కాళ్లతో, 230 వోల్టులకని రాసి ఉన్న ఎల్.ఇ.డి. దీనికి సరిపోతుంది. ఇందులో మార్పిడి సులువు.

మూడోది, 12 వోల్టుల గిన్నె బల్బు. దీనికి సన్నని సూదుల్లాంటి రెండు పిన్నులుంటాయి. పైన ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. మా ఇంట్లోవి ఇవే. అసలు చిక్కంతా ఇక్కడే. 50 వాట్ల బల్బు కోసం చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మరుకు కనీసం ఇంత లోడు ఉండాలని లెక్క ఉంటుంది. కొన్నిటికి అది 20 వాట్లు. 5 వాట్ల ఎల్.ఇ.డి. పెడితే లోడు చాలక దీపం కొట్టుకుంటుంది, లేదా అసలు వెలగదు. బల్బు చెడ్డదని ఒకదాని తర్వాత ఒకటి మార్చి డబ్బు పోగొట్టుకోరాదు. పాత ట్రాన్స్‌ఫార్మరు తీసేసి, ఎల్.ఇ.డి. కోసమే చేసిన 12 వోల్టుల డ్రైవరు పెట్టించాలి. లేదా దాన్ని పూర్తిగా తీసేసి, 230 వోల్టుల హోల్డరు వేయించి, రెండో రకం బల్బు పెట్టుకోవాలి. ఈ రెండూ ఎలక్ట్రీషియన్ చేయవలసిన పనులు.

ఇందులో మరో ప్రమాదం ఉంది. చూడడానికి అదే సన్నని పిన్నులతో 230 వోల్టుల బల్బులు కూడా బజారులో దొరుకుతాయి. 12 వోల్టుల బల్బును 230 మీద పెడితే పేలిపోతుంది. పిన్నులు పట్టాయి కదా అని పెట్టకుండా, బల్బు మీద రాసిన వోల్టులు చదవాలి.

నాలుగోది, ఇప్పుడు ఎక్కువగా వేస్తున్న పలుచని గుండ్రటి ఎల్.ఇ.డి. ప్యానెల్. దీనికి బల్బు విడిగా ఉండదు. వైరు చివర చిన్న పెట్టె ఉంటుంది, దాన్నే డ్రైవరు అంటారు. దీపం ఆరిపోతే చాలాసార్లు పోయేది ప్యానెల్ కాదు, డ్రైవరే. అది మారిస్తే సరిపోతుంది. డ్రైవరు మీద ఎన్ని మిల్లీ ఆంపియర్లు, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు అని రాసి ఉంటుంది. కొత్తదాని మీద అవే అంకెలు ఉండాలి. డ్రైవరు పోయింది కదా అని ప్యానెల్‌ను నేరుగా మెయిన్ వైరుకు కలిపితే కాలిపోతుంది, చేతికి షాకు కొడుతుంది. ప్యానెల్ మొత్తం మార్చాలంటే కన్నం వెడల్పు కొలుచుకుని వెళ్లాలి.

పాత సి.ఎఫ్.ఎల్. తీసేటప్పుడు గాజు గొట్టం పట్టుకుని తిప్పరాదు, కింది ప్లాస్టిక్ భాగం పట్టుకోవాలి. అందులో కొద్దిపాటి పాదరసం ఉంటుంది. పగిలితే పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, కాసేపాగి అట్టముక్కతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. చీపురుతో ఊడ్చరాదు.

వైర్ల జాగ్రత్త

సీలింగు పైన వైర్లను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయడం మనవైపు మామూలైపోయింది. వేడికి ఆ టేపు జిగురు ఊడిపోతుంది. అతుకు ఉన్న చోట కనెక్టరు వేసి, దాన్ని డబ్బాలో పెట్టాలి. వైర్లు పైపులో పోతే ఎలుకల బాధ తగ్గుతుంది. దీపం ఒంటికి లోహం ఉంటే దానికి ఎర్తు వైరు తప్పక కలపాలి. డ్రైవరు పెట్టెను థర్మోకోల్ మీద, గుడ్డల మీద పడేయరాదు. దీపం చుట్టూ, పైన ఖాళీ ఉండాలి. షాకు కొట్టిన క్షణంలో కరెంటును తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి మెయిన్ దగ్గర పెట్టించుకుంటే మంచిది. ఇన్వర్టర్ లైను కూడా దాని రక్షణలోకి వచ్చేలా కలపమని ఎలక్ట్రీషియన్‌కు ప్రత్యేకంగా చెప్పాలి.

ఎక్కడానికి ఇనుప స్టూలు వద్దు. పొడి కొయ్య నిచ్చెన వాడాలి. కాళ్లకు పొడి చెప్పులుండాలి. ఒకరు కింద నిలబడి పట్టుకోవాలి. హాలోజన్ బల్బును ఆర్పిన వెంటనే ముట్టుకోరాదు, చల్లారనివ్వాలి. ఎవరికైనా షాకు కొడితే వారిని పట్టుకుని లాగరాదు. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. అది కుదరకపోతే పొడి కర్రతో వైరు తప్పించి, 108కి ఫోను చేయాలి.

బల్బు చవకైంది, లాభం ఉంది

ఇన్ని జాగ్రత్తలు చెప్పడం ఎల్.ఇ.డి. వద్దనడానికి కాదు. మార్చుకోవడమే మంచిది. 2015 జనవరి 5న కేంద్రం ప్రారంభించిన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచారు. 2014 ఆరంభంలో 310 రూపాయలున్న ప్రభుత్వ కొనుగోలు ధర 2016 నాటికి 40 రూపాయల లోపుకు దిగింది. 2021 మార్చిలో పల్లెల కోసం గ్రామ ఉజాలా మొదలై, తొలి విడతలో మన పక్కనున్న విజయవాడ ప్రాంతం కూడా చేరింది. పాత తీగ బల్బు తెచ్చిచ్చిన వారికి 10 రూపాయలకే ఎల్.ఇ.డి. ఇచ్చారు.

మా ఇంటి లెక్కే చూద్దాం. 50 వాట్ల బల్బులు ఆరు, మొత్తం 300 వాట్లు. రోజుకు ఐదు గంటలు వెలిగితే ఒకటిన్నర యూనిట్లు, నెలకు 45 యూనిట్లు. వాటి చోట 7 వాట్లవి ఆరు పెడితే 42 వాట్లు, నెలకు ఆరు యూనిట్ల పైచిలుకు. సుమారు 39 యూనిట్లు మిగులుతాయి. 2024లో వచ్చిన గృహజ్యోతి కింద అర్హులైనవారికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ గీత దాటితే మొత్తం బిల్లు కట్టాలి. గీతకు అటూ ఇటూ ఉన్న ఇంటికి ఈ 39 యూనిట్లు చిన్న విషయం కాదు.

కొనేటప్పుడు పెట్టె మీద ఐ.ఎస్. 16102 అనే అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. మోటార్లు నడిచే వేళ వోల్టేజి పడిపోయే ఊళ్లలో, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా పని చేస్తుందో కూడా చదువుకుని తీసుకోవాలి. రశీదు దాచుకుంటే గ్యారంటీ అడగవచ్చు.

గ్రామస్థుల కోరిక

సీలింగు దీపం చుట్టూ గోధుమరంగు వలయం కనిపించినా, కాలిన వాసన వచ్చినా, దీపం కొట్టుకుంటున్నా ఆ రోజే ఆపి చూపించుకోవాలి. స్తంభం నుంచి మీటరు దాకా ఏ లోపమున్నా 1912కు చెప్పుకోవచ్చు. మీటరు దాటాక బాధ్యత ఇంటివారిదే. అందుచేత విద్యుత్ సిబ్బంది వేసవికి ముందు ఒకసారి గ్రామ సభల్లో ఈ విషయాలు చెప్పాలని, ఇన్వర్టర్ అమ్మేవారు దాన్ని ఎలా ఆపాలో ఇంట్లో ఆడవారికి, పెద్దవారికి కూడా చూపించి వెళ్లాలని, సీలింగు పని చేసేవారు, వైరింగు చేసేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకుని పని చేయాలని గ్రామస్థులు కోరుతున్నారు.

మా ఇంట్లో ఆరు దీపాలూ మారాయి. గూడు తీసేశాం, వైర్లకు పైపు వేయించాం. ఇప్పుడు ఎవరైనా నిచ్చెన తెస్తే మా అమ్మ ముందు ఫ్యాను వంక చూస్తుంది. అది ఆగాక, "టెస్టరు పెట్టి చూశావా?" అని అడుగుతుంది. ఆ తర్వాతే ఎక్కనిస్తుంది.